పాండురోగము: ఆకుకూరలలోని విటమిను

గర్భవతియైన స్త్రీ ముఖము పాలిపోవుట, నాలుగడుగులు నడచినంతనే ఆయాసపడుట, పాదములు పొంగుట మన యిండ్లలో నెవరికిని క్రొత్త కాదు. “నీళ్ళోసుకున్న పిల్ల కదా, అట్లే యుండును” అని పెద్దలు దానిని సహజముగ నెంచుచుందురు. అది సహజము కాదు. ఆ పాలిపోవుటలో ఒకటికంటె నెక్కువ వ్యాధులు దాగియున్నవి. వానిలో నొకదానికి మందు మన పెరటి తోటకూర మడిలోనే యున్నదని లోకమునకు తెలిసిన విధమును నేడు మీకు మనవి చేసెదను. ఈ కథలో సగము బొంబాయిలోను, కూనూరు కొండమీదను, చెన్నపట్టణములోను జరిగినది. తక్కిన సగము అమెరికాలో జరిగినను దానికి నాయకుడు మన భీమవరము వాడు.

మన రక్తము ఎఱ్ఱగా నుండుటకు అందులోని ఎఱ్ఱకణములు కారణము. అవి ఎముకల లోపలి మూలుగలో పుట్టును. ఒక్కొక్క కణము సుమారు 120 దినములు బ్రదికి నశించును. కావున మూలుగకు రాత్రియు పగలును విరామము లేదు. ఈ పనికి ఇనుము వలయునని వైద్యులు చాలకాలము క్రిందటనే యెఱుగుదురు. ఇనుము చాలనప్పుడు కణములు చిన్నవై వెలవెలబోవును. గర్భిణులలో కానవచ్చు పాండురోగము చాలవఱకు ఇట్టిదే. కాని కొందఱి రక్తమును సూక్ష్మదర్శినిలో పరీక్షించినప్పుడు వేఱొక వింత కనబడును. కణముల సంఖ్య మిక్కిలి తక్కువ. ఒక్కొక్క కణము మాత్రము ఉండవలసినదానికంటె పెద్దది.

కుమ్మరి పనిని తలచుకొనుడు. మట్టి చాలనిచో కుండలు చిన్నవగును. మట్టి సమృద్ధిగ నుండి, కుండను సారెమీదనుండి కోసి తీయు దారము మాత్రము లేదనుకొనుడు. అప్పుడు ముద్ద సారెమీద పెరుగుచునే యుండును గాని కుండలు దిగవు. కణము రెండుగా చీలుటకు వలయు దారము వంటి యొక వస్తువు లేకపోవుటయే ఈ పెద్దకణముల పాండురోగమునకు మూలము. ఆ వస్తువేదియో 1928 నాటికి ఎవరును ఎఱుగరు.

ఆ యేట బొంబాయికి ఒక ఆంగ్ల వైద్యురాలు వచ్చిరి. ఆమె పేరు లూసీ విల్సు. 1888 లో బర్మింగుహాము సమీపమున జన్మించి, కేంబ్రిడ్జిలో మొదట వృక్షశాస్త్రమును, భూగర్భశాస్త్రమును చదివి, పిమ్మట లండనులోని స్త్రీల వైద్యకళాశాలలో చేరి 1920 లో వైద్యపట్టము నందిరి. అప్పుడు బొంబాయిలోని హాఫ్కిను సంస్థయందు, గర్భసమయమునను కాన్పునందును స్త్రీలు మరణించుటకు గల కారణములను గూర్చి విచారణ జరుగుచుండెను. అందులో భాగముగా ఈ పాండురోగమును పరిశీలించుటకు ఆమెను పిలిపించిరి. బట్టల మిల్లులలో పనిచేయు పేద కుటుంబముల స్త్రీలకు గర్భము నిండుచున్న నెలలలో ఈ రోగము వచ్చి, పలువురి ప్రాణములను తీయుచుండెను.

విల్సుగారు మొదట ఇది సూక్ష్మక్రిముల వలన వచ్చినదేమో యని వెదకిరి. అట్టి క్రిమి యేదియు దొరకలేదు. అంతట ఆమె రోగులు ఏమి తినుచున్నారో విచారింప మొదలిడిరి. వైద్యుడు రోగి నాడిని చూచుట అందఱు నెఱిగినదే. రోగి కంచమును చూచువారు నేటికిని కొద్దిమందియే. ఆమె బొంబాయిలోని వేఱు వేఱు వర్గముల స్త్రీల యాహారమును పోల్చి చూచిరి. అందఱికంటె హీనమైన ఆహారము పేద ముస్లిము కుటుంబముల స్త్రీలది; అందఱికంటె నెక్కువగ ఈ రోగము వాతబడుచున్నవారును వారే. వారి కంచములో కూరలును పండ్లును మిక్కిలి తక్కువ. మతము దీనికి కారణము కాదు. ఏ మతమువారి కంచమైనను అట్లే యుండినచో ఫలితము నట్లే యుండును.

అనుమానము వేఱు, నిరూపణము వేఱు. ఆమె ఆ స్త్రీల యాహారము వంటిదానినే ఎలుకలకు పెట్టి చూచిరి. ఎలుకలకు రక్తము క్షీణించెను. దానికి ఈస్టును, అనగా పిండిని పొంగించు, సారాయిని పులియజేయు సూక్ష్మజీవిని, చేర్చి పెట్టినచో రోగము రాలేదు. ఇంతలో ఒక చిక్కు వచ్చిపడెను. ఎలుకలకు పేలున్నవి, ఆ పేలు వ్యాపింపజేయు వేఱొక జాడ్యము కూడ రక్తమును క్షీణింపజేయునని తేలెను. అట్లగుటచే ఆ ప్రయోగమును నమ్ముటకు వీలులేకపోయెను. ఫలితము తన యూహకు అనుకూలముగ వచ్చినప్పుడు దానిని శంకించుట మనుష్యునకు కష్టము. విల్సుగారు శంకించి, కోతులతో ప్రయోగమును మఱల చేసిరి.

ఆ కోతులకు మార్మైటు అను పదార్థము నిచ్చుట ఈ కథకు మలుపు. మార్మైటు అనునది ఇంగ్లండులో బీరు కాచిన పిదప మిగిలిన ఈస్టు మడ్డినుండి 1902 మొదలు తయారు చేయుచున్న నల్లని, ఉప్పని లేహ్యము. అక్కడివారు దానిని రొట్టెకు రాచుకొని తిందురు; రుచి యందఱికి నచ్చదు. ఖరీదు మాత్రము తక్కువ. చావుకు సిద్ధముగనున్న ఒక కోతి దీనిని తిని ఆశ్చర్యకరముగ కోలుకొనెను. పిమ్మట గర్భిణులకు నిచ్చిరి. ఆకలి చచ్చి మంచము పట్టిన స్త్రీలకు కొలది దినములలోనే మరల అన్నహితవు కలిగెను. రక్తములో క్రొత్త కణములు గుంపులుగా కానవచ్చెను. ఈ ఫలితములను ఆమె 1931 లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ యేటనే ఆమె చెన్నపట్టణమునందలి గోషా ఆసుపత్రిలో కూడ పనిచేసిరి.

మార్మైటు పనిచేసినదని చెప్పి యూరకున్నచో ఆమెను గూర్చి నేడు చెప్పుకొననక్కఱ యుండెడిది కాదు. వైద్యశాస్త్రమునకు ఆమె చేసిన గొప్ప యుపకారము వేఱొకటి. ఆమె బొంబాయికి వచ్చుటకు రెండేండ్లకు మున్నే, 1926 లో, మినాటు, మర్ఫీ యను అమెరికా వైద్యులు పాశ్చాత్యదేశములలోని ఒక ప్రాణాంతకమైన పాండురోగమునకు జంతువుల కాలేయము తినిపించుట మందని కనుగొనియుండిరి. అందులోను కణములు పెద్దవే. కావున రెండును ఒకటే వ్యాధియని తలచుట సులభము. విల్సుగారు ఏమి చూచిరనగా, పచ్చి కాలేయపు సారము బొంబాయి స్త్రీలకును పనిచేయుచున్నది. కాని అదే సారమును శుద్ధిచేసి, పాశ్చాత్యరోగులకు చక్కగా పనిచేయునట్లు తయారు చేసిన మందు వీరికి పనిచేయలేదు. అనగా కాలేయములో రెండు మందులున్నవి. శుద్ధిచేయుటలో ఒకటి నిలిచినది, రెండవది పాఱబోసిన మడ్డితో పోయినది. ఆ పోయినది ఈస్టులో కలదు. ఒక తాళము రెండు తలుపులకు లేదని ఆమె నిరూపించిరి. పేరులేని ఆ వస్తువును వైద్యులు చాలకాలము విల్సు వస్తువు అనియే పిలిచిరి.

కూనూరును గూర్చి యొక మాట. ఆమె 1929 లో అక్కడి పాస్తరు సంస్థలో కొంతకాలము పనిచేసిరి. అక్కడ మెకారిసను అను దొర 1918 లో ఒక్క గదిలో నెలకొల్పిన ఆహారపరిశోధనాలయము మొదట బెరిబెరి వ్యాధి విచారణకై పుట్టినది. ఆ వ్యాధి ఉత్తర సర్కారులలో, అనగా మన సముద్రతీరపు జిల్లాలలో, నాడు తఱచుగ నుండెను. మఱపట్టి తెల్లగ చేసిన పచ్చిబియ్యమును పలుమాఱులు కడిగి, గంజి వార్చి తినుటచే బి విటమినులలో మొదటిదైన థయామిను నశించుట దానికి కారణము. ఉప్పుడు బియ్యము తిను దక్షిణపు జిల్లాలవారికి అది రాలేదు. ఆ పరిశోధనాలయమే 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి, తార్నాకలో జాతీయ పోషకాహారసంస్థ యను పేరుతో నేడు పనిచేయుచున్నది.

విల్సు వస్తువును విడదీయుటకు మఱి పదేండ్లు పట్టెను. కోతులతో పనిచేయువారు దానికి ఎం విటమిను అని పేరు పెట్టిరి. కోడిపిల్లలతో పనిచేయువారు మఱియొక పేరు, పాలను పులియజేయు సూక్ష్మజీవులతో పనిచేయువారు వేఱొక పేరు పెట్టిరి. అందఱును వెదకుచున్నది ఒక్కదానినే. 1941 లో టెక్సాసు విశ్వవిద్యాలయమునందు మిచెలు, స్నెలు, విలియమ్సు అనువారు నాలుగు టన్నుల పాలకూరనుండి దీనిని మిక్కిలి స్వల్పముగ రాబట్టి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. మన భాషలో చెప్పవలెనన్నచో అది పత్రామ్లము. నాలుగు టన్నులనగా ఎన్ని బండ్ల ఆకుకూరయో కాపులైన మీకే బాగుగ తెలియును. అట్లు తీసిన మందుతో ఒక ఆసుపత్రినైన నడుపుటకు వీలులేదు. కూరనుండి కాక, రసాయనశాలలో దానిని నిర్మింపవలసి యుండెను.

ఇక్కడ మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ప్రవేశించుచున్నారు. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వారి సోదరులిద్దఱు స్ప్రూ అను రోగముచే మరణించిరి. మన వైద్యులు సంగ్రహణి యని చెప్పు జాతిలోనిది ఈ రోగము: విడువని విరేచనములు, నోటిపూత, తిన్నది యొంటబట్టకుండుట, దానితోపాటు రక్తక్షీణత. సుబ్బారావుగారికిని ఆ రోగము వచ్చెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరి. చెన్నపురి వైద్యకళాశాలలో చదివి, లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో కొంతకాలము బోధించి, పిమ్మట అమెరికాకు వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయమున చాలయేండ్లు పరిశోధన చేసిరి. కండరముల శక్తికి మూలమైన పదార్థములను గూర్చి వారక్కడ చేసిన పని నేటికిని పాఠ్యగ్రంథములలో నున్నది. 1940 లో న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ పరిశోధనాలయమున చేరి, అచ్చటి పరిశోధనలకు అధిపతియైరి.

ఆ పరిశోధనాలయములో 1943 లో స్టోక్‌స్టాడు అను శాస్త్రజ్ఞుడు ఫోలిక్ ఆమ్లమును శుద్ధమైన స్ఫటికముల రూపమున తీసెను. 1945 లో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేయు రసాయనజ్ఞులు దానిని కృత్రిమముగ నిర్మించిరి. ఆ యేటనే వైద్యులు దానిని పెద్దకణముల పాండురోగులకు నిచ్చి గుణము చూచిరి. స్ప్రూ రోగులకును అది పనిచేసెను. నేడు ఉష్ణదేశపు స్ప్రూకు ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిను వర్గపు మందును కలిపి యిత్తురు. ఆ వర్గములో మొదటిదైన ఆరియోమైసిను కూడ 1948 లో సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండియే బయటికి వచ్చెను. తన సోదరులను బలిగొన్న రోగమునకు రెండు మందులును తన యింటనే తయారగుట చూచిన భాగ్యము ఎందఱికి కలుగును? 1948 ఆగస్టులో వారు పరమపదించిరి.

దీనికి అనుబంధముగ మఱియొకటి చెప్పవలెను. కణము చీలుటకు ఫోలిక్ ఆమ్లము వలయునన్నచో, అదుపులేక చీలుచున్న కణములకు దానిని అందకుండ చేసినచో నేమగును? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని స్థానమును ఆక్రమించి, పనిమాత్రము చేయని దొంగపదార్థములను నిర్మించెను. వానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు నిచ్చి 1948 లో ఫలితములను ప్రకటించెను. ఆ పిల్లలలో కొందఱు కొన్ని మాసములపాటు కోలుకొనిరి. అంతకుమున్ను ఆ రోగమునకు మందే లేదు. ఆ జాతిలోని మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

ఇక వంటయింటికి వత్తము. బోస్టనులోనే విక్టరు హెర్బర్టు అను వైద్యుడు 1961 లో తన శరీరముమీదనే యొక ప్రయోగము చేసికొనెను. తాను తిను ఆహారము నంతటిని మూడుమాఱులు నీళ్ళలో ఉడికించి, ఆ నీటిని పాఱబోసి, మిగిలినదానిని మాత్రమే తినుచు వచ్చెను. తక్కిన విటమినులను మాత్రల రూపమున తీసికొనెను. నాలుగు నెలలు గడచుసరికి నిద్ర పట్టదు, మఱపు వచ్చినది, చిరాకు పెరిగినది. అటుపిమ్మట రక్తములో పెద్దకణములు కానవచ్చెను. ఫోలిక్ ఆమ్లము తీసికొనగా స్వస్థుడయ్యెను. ఆయన బుద్ధిపూర్వకముగ చేసిన పనిని మన యిండ్లలో తెలియక చేయుచున్నాము. ఆకుకూరను సన్నగ తఱిగిన పిదప కడుగుట, విస్తారమైన నీటిలో ఉడికించి పిండి ఆ నీరు పాఱబోయుట, ఉదయము వండినదానిని సాయంకాలము మఱల కాచుట: ఈ మూడును ఆకులోని విటమినును కాలువపాలు చేయును. కూరను కడిగి తఱుగవలెను. కొద్దినీటిలో మూతపెట్టి వండవలెను. ఉడికిన నీరు పప్పులోనో పులుసులోనో చేరవలెను. తోటకూర, పాలకూర, మెంతికూర, బచ్చలి మాత్రమే కాక, మినుములు, పెసలు, సెనగలు మొదలగు పప్పుదినుసులన్నిటిలోను ఇది కలదు. తోటకూర పప్పు కంటె చవుకైన మందు నాకు తెలియదు.

వయసు చెల్లినవారి కొక హెచ్చరిక. మినాటుగారి కాలేయములో శుద్ధిచేసిన పిదప నిలిచిన మందు బి పండ్రెండు విటమిను. అది 1948 లో వేఱుపడినది. ఆకులలోను పప్పులలోను అది లేదు; పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము మొదలగువానిలోనే కలదు. వయస్సు పెరిగినకొలది జీర్ణకోశము దానిని ఆహారమునుండి గ్రహించు శక్తి తగ్గును. అది లోపించినను కణములు పెద్దవగును. అంతేకాక అరికాళ్ళు తిమ్మిరెక్కును, నడక తూలును, జ్ఞాపకము తగ్గును. అట్టివారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని నరముల జబ్బు లోలోపల ముదురును. కావున కాళ్ళ తిమ్మిరిని “ముసలితనము లెమ్ము” అని త్రోసివేయక రక్తపరీక్ష చేయించుకొనుడు.

మఱల గర్భిణుల విషయమునకు వచ్చెదను. 1991 లో బ్రిటిషు వైద్యపరిశోధనామండలి ఏడు దేశములలో జరిపిన పరిశీలన ముగిసెను. వెన్నెముక మూసికొనని శిశువును, లేక తలపుఱ్ఱె యేర్పడని శిశువును ఒకమాఱు కన్న తల్లులకు మఱల గర్భము రాకమునుపే ఫోలిక్ ఆమ్లమిచ్చినచో, అట్టి శిశువులు మఱల పుట్టుట 72 శాతము తగ్గెను. మఱుసటియేట హంగేరీలో జరిగిన పరిశీలనయందు, అంతకుముం దట్టి శిశువును కనని తల్లులకును ఇది మేలు చేయునని తేలెను. ఇందులో ముఖ్యముగ గమనింపవలసినది కాలము. శిశువు వెన్ను మూసికొనుట గర్భము నిలిచిన 28 దినములలో ముగియును. అప్పటికి తాను గర్భవతినని ఆ పిల్లకే తెలియకపోవచ్చును. నెల తప్పినదని తెలిసిన పిమ్మట మాత్ర నారంభించుట ఈ యొక్క విషయములో నాట్లు అయిన పిదప విత్తనము శుద్ధిచేసినట్లగును. అందుచేతనే బిడ్డను కోరు స్త్రీ గర్భము రాకమునుపునుండియు, మొదటి మూడు నెలలును దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెనని మన ప్రభుత్వపు విధానము చెప్పుచున్నది. నాలుగవ నెలనుండి 180 దినములు, ప్రసవించిన పిదప మఱల 180 దినములు, 60 మిల్లీగ్రాముల ఇనుమును 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గల మాత్ర దినమున కొకటి చొప్పున ఉపకేంద్రములో ఉచితముగ దొరకును.

దొరకును గాని మ్రింగుట లేదు. ఆశా కార్యకర్త యిచ్చిన మాత్రలు అటకమీది డబ్బాలో నుండును. దీనికి ఆ పిల్లను నిందించి ప్రయోజనము లేదు. మాత్ర తిన్నచో బిడ్డ నల్లగ పుట్టుననియు, ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగుననియు ఇంటిలో నెవరో చెప్పుదురు. రెండును అసత్యములే. రక్తము లేని తల్లికే కాన్పు కష్టము. కాన్పునందు కొద్దిపాటి రక్తము పోయినను ఆమె తట్టుకొనలేదు. మఱియు నందఱు తిన్న పిదప గిన్నెలో మిగిలినది కోడలు తినుట మన యిండ్లలో నింకను ఉన్నది. మిగులునది అన్నమును చారునే గాని పప్పును కూరయు కాదు. బొంబాయిలో విల్సుగారు చూచిన కంచమిదియే. ఇంటిలో ఎవరు ముందు తినవలెను, కూర ఎవరి విస్తరిలో ఎంత పడవలెను అను సంగతి వైద్యుని చేతిలో లేదు. మీ చేతిలోను, మీ యింటి యిల్లాలి చేతిలోను ఉన్నది.

మాత్ర వేసికొన్న దినములలో మలము నల్లగ నుండును. అది ఇనుము వలన, భయము లేదు. కడుపులో త్రిప్పినట్లున్నచో భోజనమైన పిదప రాత్రి పండుకొనబోవునప్పుడు వేసికొనవచ్చును. కాఫీతోను తేనీటితోను మాత్రము మ్రింగరాదు, అవి ఇనుమును పట్టివేయును. నిమ్మకాయ నీళ్ళతో మ్రింగినచో ఇనుము మఱింత బాగుగ వంటబట్టును.